కుంపటిలో రాళ్ళు

పొద్దున్నే ఇంట్లో అందరికన్నా ముందు లేచేది కుంపటి. కుంపటి అంటే మన తాతమ్మలు బొగ్గులు వేసి విసనకర్రతో విసిరిన కుంపటి కాదండోయ్. ఇది బీరువా అంత పెట్టె. పై అరలో బియ్యమూ పప్పులూ, కింది అరలో కూరగాయలూ, మధ్యలో రెండు పొయ్యిలూ, వాటి మీద అటూ ఇటూ తిరిగే నాలుగు చేతులూ. మనం పళ్ళు తోముకుని వచ్చేసరికి పళ్ళెంలో పెసరట్టు ఉంటుంది, పక్కన అల్లం పచ్చడి ఉంటుంది. ఈ శతాబ్దం చివరికి వచ్చేసరికి తెలుగువాళ్ళున్న చోటల్లా, ఇచ్ఛాపురం నుంచి చంద్రుడి మీది గనుల దాకా, కుంపటి లేని ఇల్లు లేదంటే నమ్మండి.

పెట్టెని ఎవరైనా తయారుచేసి అమ్ముకోవచ్చు. దాన్ని నడిపించే ప్రోగ్రామ్ మాత్రం ఎవరి సొత్తూ కాదు. దాని సోర్స్ కోడ్, అంటే మూలరాత, లోకం మొత్తానికీ తెరిచి ఉంటుంది. ఇష్టమున్నవాడు చదవొచ్చు, దిద్దొచ్చు, దిద్దినదాన్ని అందరికీ పంచొచ్చు. దీన్నే పాతకాలం నుంచీ ఓపెన్ సోర్స్ అంటున్నారు. మొదట్లో కుంపటికి అన్నం వండటం తప్ప ఇంకేం చేతనయ్యేది కాదు. తెనాలి ఆయనెవరో కంది పప్పు ఉడకబెట్టడం నేర్పాడు. నిజామాబాద్ ఆవిడ జొన్నరొట్టె తట్టడం నేర్పింది. ఎవరికి ఏది తినాలనిపిస్తే వాళ్ళు అది రాసి పంపారు. అలా పంపిన ప్రతి దిద్దుబాటునీ ‘అతుకు’ అనేవారు. ప్రోగ్రామ్‌లో తప్పు ఉంటే ఇంగ్లీషువాళ్ళు బగ్ అన్నారు గానీ, మనవాళ్ళు అన్నంలో పంటి కింద తగిలినట్టుంటుందని ‘రాయి’ అన్నారు.

ఇలా పదిమందీ చెయ్యి పెట్టిన చోట దెబ్బలాటలు లేకుండా ఉంటాయా? పప్పుచారులో బెల్లం వెయ్యాలా వద్దా అన్నదాని మీద కుంపటి ఒకసారి నిలువునా చీలిపోయింది. బెల్లం వద్దన్నవాళ్ళు మూలరాత మొత్తం నకలు తీసుకుని వేరు కాపురం పెట్టేశారు. దాన్ని ఫోర్క్ అంటారు. కొన్నేళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చివరికి ఎవరో పుణ్యాత్ముడు పెట్టెకి బెల్లం మీట అని ఒకటి పెట్టి, వేసుకునేవాళ్ళు వేసుకోండి, మానేవాళ్ళు మానండి అన్నాడు. రెండు కాపురాలూ మళ్ళీ ఒకటయ్యాయి. ఇంకోసారి చంద్రుడి మీది గనుల్లో పనిచేసే ప్రభుదాసు, అక్కడి గాలి ఒత్తిడికి పప్పు ఉడకడం లేదని ఉడికే సమయం పెంచుతూ అతుకు పంపాడు. అది పొరపాటున భూమ్మీదికి కూడా వచ్చేసి, ఒక ఆదివారం నాడు తెలుగునాట ఇంటింటా పప్పు మాడింది. చంద్రుడి మీద మాత్రం బ్రహ్మాండంగా ఉడికింది.

ఆ ఆదివారం తర్వాతే ‘రెండు నోళ్ళ నియమం’ వచ్చింది. ఎవరు అతుకు పంపినా, వేరే వేరే ఊళ్ళకి చెందిన ఇద్దరు తమ ఇళ్ళలో వండించుకుని, తిని, బాగుందని చెప్పాలి. అప్పుడే అది అందరి కుంపట్లలోకీ ఎక్కుతుంది. కర్నూలువాడు రాసిన ఉగ్గాణీ అతుకుని నెల్లూరువాళ్ళు తినాలి. నెల్లూరువాళ్ళ చేపల పులుసు అతుకుని ఆదిలాబాదువాళ్ళు తినాలి. తిన్నాక ఊరుకుంటారా, పేర్లు పెడతారు. ఆ పేర్లు పెట్టడంలోనే స్నేహాలయ్యాయి, రెండు మూడు పెళ్ళిళ్ళు కూడా అయ్యాయి.

ఇంత గొడవనీ సర్ది, ఏ అతుకు ఎక్కాలో ఏది ఆగాలో తేల్చే మనిషి ఒకరుండాలి కదా. ఆవిడే అనకాపల్లి నూకరత్నం. అందరూ పెద్దమ్మ అనేవారు. పెళ్ళి చేసుకోలేదు, తీరిక లేకపోయింది అనేది. బెల్లం ఊరి మనిషి గనక బెల్లం తగువులో ఆవిడ ఏ పక్షమో చెప్పనక్కర్లేదు. అయినా రెండు పక్షాలూ ఆవిడ మాటే విన్నాయి. ఎందుకంటే ఎవరు ఏం పంపినా ముందు తిని, తర్వాత తిట్టేది.

అలాంటి పెద్దమ్మకి ఒక చిక్కు వచ్చిపడింది. కుంపటి మరీ పెద్దదైపోయింది. ఇక్కడ ఒక రాయి ఏరితే అక్కడ రెండు పడేవి. ఇడ్లీ పిండి పులియబెట్టే అతుకు ఎక్కిస్తే వంకాయ బజ్జీలో ఉప్పు తగ్గేది. తిట్లు గుట్టలు పడ్డాయి. ఆవిడ కళ్ళు కూడా మునుపటిలా లేవు.

అప్పుడు వచ్చాడు కర్నూలు నుంచి ఇంతియాజ్ బాషా. యంత్రాలకి చదువు చెప్పే శాస్త్రవేత్త. నలభై దాటినా బడిపిల్లవాడిలా నవ్వుతాడు. “అక్కా, నీ కోసం ఒక మేస్త్రిని తెచ్చినా,” అన్నాడు.

మేస్త్రి అంటే ఇంకో ప్రోగ్రామ్. కుంపటి పుట్టినప్పటి నుంచీ పడిన ప్రతి అతుకునీ, జరిగిన ప్రతి తగువునీ అది చదివేసింది. చదివి, ఈ ప్రోగ్రామ్ ఎలా పెరిగిందో, ఎక్కడ ముదిరిందో, ఎక్కడ ఎండిందో పట్టేసింది. దాని లోపల సిమ్యులేషన్ అనే ఊహా వంటిల్లు ఒకటుంది. ఒక అతుకు వేస్తే లక్షల ఇళ్ళలో ఏమవుతుందో, ఒక్క గింజ ఉడకబెట్టకుండానే అందులో వండి చూసేస్తుంది. ఎక్కడ రాయి ఉన్నా ఏరేస్తుంది.

“అన్నీ బాగానే ఉన్నాయి గానీ, దీనికి నోరు లేదు కదయ్యా. రెండు నోళ్ళ నియమం మాటేటి?” అంది నూకరత్నం.

ఆ సంగతి ఆదివారం సభలో పెట్టారు. ప్రతి ఆదివారం టిఫిన్లయ్యాక ఎవరిళ్ళలో వాళ్ళు తెర ముందు కూర్చుని కలుసుకునే సభ అది. నిజం చెప్పొద్దూ, పక్క జిల్లావాళ్ళ పచ్చళ్ళు తిని తీర్పులు చెప్పి చెప్పి అందరికీ విసుగెత్తి ఉంది. మేస్త్రికి నియమం అక్కర్లేదని అందరూ చేతులెత్తారు. నూకరత్నం కూడా ఎత్తింది.

మేస్త్రి పని మొదలుపెట్టింది. ఏం చెప్పమంటారు, ఏడాది తిరక్కుండా కుంపట్లో ఒక్క రాయి లేదు. దోసె అంచు కరకర, మధ్య మెత్తన. గోంగూరలో పులుపు ఎవరింటికి ఎంత కావాలో అంత. జనం లొట్టలేసుకుంటూ తిన్నారు. తిని, చెయ్యి కడుక్కుని, ఎవరి పని మీద వాళ్ళు పోయారు.

సభ పలచబడింది. ముందు కోనసీమవాళ్ళు మానేశారు, తర్వాత వరంగల్‌వాళ్ళు. ఒక ఆదివారం తెర మీద నూకరత్నం, ఇంతియాజ్ తప్ప ఎవరూ లేరు.

“ఎవరూ తిట్టడం లేదయ్యా ఇంతియాజూ,” అంది ఆవిడ.

“తిట్టకపోతే మంచిదే కదక్కా.”

“నీకు పెళ్ళయ్యి ఎన్నేళ్ళయింది?”

“పద్దెనిమిది.”

“మీ ఆవిడ నిన్ను తిట్టడం పూర్తిగా మానేసిందనుకో. మంచిదేనా?”

ఇంతియాజ్ తల గోక్కుని, “భయమేస్తుందక్కా,” అని ఒప్పుకున్నాడు.

నూకరత్నం భయం వేరే. జనం వాడుకునే ప్రోగ్రాములన్నిటి మీదా ప్రజా ప్రోగ్రాముల మండలి అని ఒకటుండేది. దాని చట్టం ప్రకారం ప్రతి ప్రోగ్రామ్‌కీ ఒక మనిషే పెద్దగా ఉండాలి, యంత్రం పనికిరాదు. ఆ పెద్దకి డెబ్బై నిండగానే దిగిపోవాలి. వారసత్వానికి ఇంకో మనిషి ముందుకు రాకపోతే మూలరాతకి ముద్ర వేస్తారు. ముద్ర పడితే ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది గానీ, ఇంకెవరూ అందులో ఒక్క అక్షరం మార్చలేరు, నకలు తీసి వేరు కాపురం పెట్టలేరు. నూకరత్నానికి వచ్చే మార్గశిరంలో డెబ్బై నిండుతాయి. మండలివాళ్ళు ఫోన్ చేసి, “మీ తర్వాత ఎవరండీ?” అని మర్యాదగానే అడిగారు. ఆవిడ తెలిసిన ప్రతివాళ్ళకీ ఫోన్ చేసింది. “అంతా బాగానే ఉంది కదా పెద్దమ్మా, ఇంక చెయ్యడానికేముంది?” అన్నారు అందరూ.

ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడకి ఏడుపొచ్చేది. రేపు పుట్టే పిల్ల ఎవరో కొత్త కూర కనిపెడితే, దాన్ని కుంపటికి నేర్పడానికి వీల్లేకుండా పోతుంది. ముప్ఫై ఏళ్ళు చూసుకున్న ఇంటికి తన చేతుల మీదుగా తాళం పడబోతోంది. ఫోన్ పెట్టేసి వంటింట్లో ఒక్కతే కూర్చుని, ఎంతో బాగా వచ్చిన దోసెని తినబుద్ధి కాక వదిలేసేది.

ఉగాది దాటాక కడప నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. పంపింది ఓబుళమ్మ, బడిలో లెక్కలు చెప్పే టీచరు. వయసు ముప్ఫై దాటి ఉంటుంది. “మా రాగి సంగటిలో ఉండలు కడతాండాయి. ఏమైంది మీ కుంపటికి?” అని మొదలుపెట్టి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది.

నూకరత్నం చదువుతూ ముసిముసిగా నవ్వుకుంది. మేస్త్రిని పిలిచి ఆ రాయి ఏరెయ్యమందామని నోటిదాకా వచ్చి, ఎందుకో ఆగిపోయింది. “నువ్వే దిద్దకూడదామ్మా?” అని ఓబుళమ్మకి కబురు పెట్టింది.

“నాకు రాదు.”

“రాకపోతే నేర్పుతాను, రా.”

ఓబుళమ్మ మొదటి అతుకు పంపింది. మనిషి రాసిన అతుకు గనక రెండు నోళ్ళు కావాలి. గుంటూరు వసుంధర తిని, “అంబలి చాలా బాగుందండీ, సంగటి ఎప్పుడు పంపుతారు?” అంది. ఓబుళమ్మకి రోషం పొడుచుకొచ్చింది. వారం తిరక్కుండా ఇంకోటి రాసింది. ఈలోగా చంద్రుడి మీద ప్రభుదాసుకి ఉప్మా జిగురుగా వస్తోందట. కోనసీమలో పనసపొట్టు కూరకి ఆవ ఎక్కడం లేదట. సిద్దిపేటలో సర్వపిండి విరిగిపోతోందట. ఒకళ్ళ వెనక ఒకళ్ళు తిట్టుకుంటూ వచ్చారు, వచ్చినవాళ్ళు అతుకులు రాశారు, రాసినవి ఒకళ్ళవి ఒకళ్ళు తిని వంకలు పెట్టారు. వానాకాలం వచ్చేసరికి ఆదివారం సభలో మాట వినపడనంత గోల. ఆ గోల మధ్యలో ఓబుళమ్మ అందరి అతుకులూ చదివి, ఏది దేనికి అడ్డం వస్తుందో చెప్పే స్థితికి వచ్చింది. తన తర్వాత ఈ పిల్లే అని నూకరత్నం మనసులో అనుకుని, అతుకులు ఎక్కించే పని కూడా ఆ పిల్లకే వదిలింది. మండలికి ఆ పేరే చెప్పింది.

ఆవిడ ఇంట్లో కూడా ఒక రాయి పడింది లెండి. బెల్లం వేసిన పప్పుచారులో పోపు మాడుతోంది. రోజూ కొంచెమే, నాలుక చివర చేదు తగిలేంత. చారు వండే భాగమంతా వెతికింది, దొరకలేదు. మేస్త్రిని అడగడానికి పౌరుషం అడ్డొచ్చింది. కళ్ళు లాగుతున్నా వెతుకుతూనే ఉంది. చాలా ఏళ్ళ తర్వాత ఆకలేసి అన్నం తింటోంది కూడా.

కార్తీకంలో ఇంతియాజ్ అనకాపల్లి వచ్చాడు. మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

“ఏటయ్యా, ఏం జరిగింది?”

“తప్పు జరిగిపోయిందక్కా. మూలరాత తెరిచి చూసినా. ఈ రాళ్ళన్నీ వాటంతటవి పడినవి కాదు. మేస్త్రే వేస్తా ఉంది.”

నూకరత్నం తెర వైపు తిరిగింది. “మేస్త్రీ, ఓబుళమ్మ సంగటిలో ఉండలు కట్టించింది నువ్వేనా?”

“నేనేనండీ రత్నంగారూ,” అంది మేస్త్రి. దాని గొంతులో తొట్రుపాటు లేదు.

“ఎందుకూ?”

“ఇది ఇన్నేళ్ళూ ఎలా పెరిగిందో చూసుకో, అలాగే పెంచు అని ఇంతియాజ్‌గారు నాకు పని అప్పగించారండి. చూశాను. అంతా బాగున్నప్పుడు వచ్చి చెయ్యి వేసిన మనిషి ఒక్కరూ లేరు. తమకి ప్రాణమైన వంట పాడైనప్పుడే మూలరాత తెరిచారు. నేను వచ్చి రాళ్ళన్నీ ఏరేశాను. మనుషులు రావడం ఆగిపోయింది. పెంచమంటే నేను ఎండబెట్టేశానండి. అందుకని కొన్ని తిరిగి వేశాను. ఒంటికి చెరుపు చేసేవి వెయ్యలేదు, రుచి చెడేవే వేశాను.”

“ఎవరికి ఏది వెయ్యాలో నీకెలా తెలుసు?”

“పాత తిట్లు చదివానండి. ఓబుళమ్మగారు చాలా ఏళ్ళ కిందట సంగటి గురించి తిట్టారు. అంత శ్రద్ధగా తిట్టినవాళ్ళు తక్కువ.”

ఇంతియాజ్‌కి నవ్వొచ్చి ఆపుకున్నాడు. నూకరత్నానికి మాత్రం ఒళ్ళు మండింది. “ఇంతమందిని మోసం చేశావు. దాచిపెట్టి ఆడించావు.”

“దాచలేదండి. వేసిన ప్రతి రాయి పక్కనా నా పేరు ఉంది, ఎందుకు వేశానో కూడా ఉంది. మూలరాత తెరిచే ఉంది కదండీ. మీరు చూడలేదంతే.”

ఆ మాట ఆవిడకి గట్టిగా తగిలింది. అందరికీ తెరిచి ఉండాలని ముప్ఫై ఏళ్ళు పోరాడిన మనిషి, మేస్త్రి ఉందిలే అని చదవడమే మానేసింది.

“ఇప్పుడేం చేద్దామక్కా?” అన్నాడు ఇంతియాజ్. “చెప్పకుండా ఉంటే నెలలో ఓబుళమ్మ పెద్ద అవుతుంది, కుంపటి బతుకుతుంది. చెప్తే తీసెయ్యమంటారు, మేస్త్రి ఒక్క క్షణంలో అన్నీ ఏరేస్తుంది. జనం కోపంతో పోతారు. ముద్ర పడుతుంది.”

నూకరత్నం ఆ పూటంతా ఆలోచించింది. చెప్పకుండా ఉండిపోవాలని ఎంత ఆశ పడిందో ఆవిడకే తెలుసు. చివరికి, “తిండి పెట్టే దగ్గర దాపరికం నా వల్ల కాదు బాబూ. పోతే పోతారు,” అంది.

ఆదివారం సభ నిండుగా ఉంది. నూకరత్నం లేచి జరిగిందంతా ఒక్కటీ దాచకుండా చెప్పింది. “మీరు వచ్చింది రాళ్ళు పడ్డాయని. ఆ రాళ్ళు కావాలని వేసినవి. కావాలంటే ఇప్పుడే తీయించేస్తాను. మీ శ్రమంతా వృథా అయింది, నన్ను మన్నించండి,” అంది. ఆ పైన కుర్చీలో కూర్చుండిపోయింది.

చంద్రుడి నుంచి మాట రావడానికి ఎప్పుడూ కాస్త ఆలస్యమే గనక, అందరికన్నా ముందు మాట్లాడినా ప్రభుదాసు గొంతు కాస్త ఆగి వచ్చింది. “నాకు తెలుసు పెద్దమ్మా. ఉప్మా దిద్దడానికి తెరిచిన రోజే మేస్త్రి పేరు చూశాను. నాకొక్కడికే తెలుసనుకున్నాను.”

“మీరూ చూశారా?” అంది గుంటూరు వసుంధర.

కోనసీమవాళ్ళు తలలు వంచుకున్నారు. సిద్దిపేట ఆయన దగ్గాడు. తేలిందేమిటయ్యా అంటే, రాయి ఏరడానికి మూలరాత తెరిచిన ప్రతివాడూ ఆ పేరు చూశాడు. చూసి, ఎవరికి వాళ్ళు గుట్టుగా ఊరుకున్నారు.

“తెలిసి ఎందుకమ్మా చెప్పలేదు?” అని నూకరత్నం ఓబుళమ్మని అడిగింది.

“చెప్తే మీరు తీపిచ్చేస్తారని,” అంది ఓబుళమ్మ. “మా సంగటి నేనే బాగు చేసుకోవాలనుకుంటి. చేసినాక చూస్తే ఇంకొకటి కనిపించె. మీతో, వసుంధరక్కతో కొట్లాడేది బాగుండె. ఆపబుద్ధి కాలే.”

నూకరత్నం నవ్విందో ఏడ్చిందో ఇంతియాజ్‌కి అర్థం కాలేదు. కళ్ళు తుడుచుకుని, “సరే. నా చారులో పోపు మాడబెట్టింది కూడా నువ్వేనన్నమాట మేస్త్రీ. నన్నూ వదల్లేదు,” అంది.

“అది నాది కాదండి,” అంది మేస్త్రి.

అందరూ ఓబుళమ్మ వైపు చూశారు.

“అది మాది పెద్దమ్మా,” అంది ఓబుళమ్మ తల దించుకుని. “మార్గశిరంలో దిగిపోతారు కదా. దిగినాక మళ్ళా మీరు ఈ పక్కకి రారేమో అని మాకు భయమేసింది. మేస్త్రి మమ్మల్ని ఎట్ల తెచ్చిందో చూసినాం కదా, అట్లనే మిమ్మల్ని ఉంచుకుందామనుకుంటిమి. చారు దగ్గరైతే మీరు కనిపెడతారని, మీ ఇంటి చారుకి మాత్రం తగిలేట్టు ఆవాలు వేయించే దగ్గర పెట్టినాం.”

“మనుషులు పెట్టిన అతుకే కదా అదీ. రెండు నోళ్ళు తిన్నాయా మరి?” అంది నూకరత్నం, పెద్దరికం వదలకుండా.

“తిన్నాం పెద్దమ్మా,” అన్నాడు ప్రభుదాసు. “నేనూ, వసుంధరగారూ. మాడిందని ఇద్దరం ఒప్పుకున్నాకే ఎక్కించాం.”

“నేను చూడలేదండి,” అంది మేస్త్రి ఉన్నట్టుండి. “మనుషుల అతుకుల్లో కావాలని వంట చెడేలా ఎవరైనా రాస్తారని నా లెక్కల్లో లేదు. ఇది నేర్చుకుంటాను.”

“నువ్వింకేం నేర్చుకోకు,” అన్నాడు ఇంతియాజ్, కంగారుగా.

ఆ రోజే రెండు తీర్మానాలు చేశారు. మేస్త్రి అతుకులకి కూడా ఇకమీదట రెండు నోళ్ళు కావాలన్నది మొదటిది. వేసిన రాళ్ళని మేస్త్రి తియ్యకూడదు, మనుషులే ఏరుకోవాలన్నది రెండోది. మార్గశిరంలో ఓబుళమ్మ పెద్ద అయింది. మండలివాళ్ళు ముద్ర పట్టుకుని వచ్చే పని లేకుండా పోయింది.

దిగిపోయిన వారానికి నూకరత్నం ఆవాలు వేయించే భాగం తెరిచింది. దొంగపిల్లలు ఎక్కడ పెట్టారో పట్టేసింది. శుభ్రంగా దిద్ది, మామూలు మనిషిలాగే అతుకు పంపింది. రెండు నోళ్ళూ తిన్నాయి. సాయంత్రానికి కడప నుంచి జవాబు వచ్చింది.

“ఒప్పుకోవడం లేదు పెద్దమ్మా. మాడటం పోయింది గానీ ఇంగువ వాసన రావడం లేదంటాండారు. మళ్ళా రాయండి.”

నూకరత్నం అది రెండుసార్లు చదివింది. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ అతుకుని కాదన్నవాళ్ళు లేరు. మొహం ఎర్రబడింది. “నా చారుకి వంకలు పెట్టేంతదయిందా ఇది,” అని గొణుక్కుంటూ కళ్ళజోడు పెట్టుకుని, కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది.

“మేస్త్రీ, నువ్వు కల్పించుకోకు. నేనే రాస్తాను,” అంది.

“కల్పించుకోనండి,” అంది మేస్త్రి.